చదువు పేరున రాసే నోటు
(ఆచార్య ఎన్.జి.రంగా స్మారకోపన్యాస పాఠం)



ఆచార్య గోగినేని రంగనాయకులు గారి పేరున మాట్లాడమని పిలిచినప్పుడు, ఏ విషయం తీసుకోవాలన్నది నాకు పెద్ద సమస్య కాలేదు. ఆయన జీవితంలో రెండు విషయాలు విడదీయరాకుండా కలిసి ఉన్నాయి. ఒకటి చదువు, రెండోది రైతు అప్పు. 1900 నవంబరు 7న నిడుబ్రోలులో పుట్టిన రైతుబిడ్డ గుంటూరు ఏసీ కాలేజీలో చదివి, ఆక్స్‌ఫర్డ్ వెళ్లి 1926లో అర్థశాస్త్రంలో బి.లిట్. పట్టా పుచ్చుకుని, మద్రాసు పచ్చయ్యప్ప కళాశాలలో ఆచార్యులయ్యారు. అంతకన్నా పేరున్న చదువు ఆ రోజుల్లో లేదు. ఆ పేరుతో ఆయన హాయిగా బతకవచ్చు. కానీ 1930లో గాంధీగారి పిలుపు విని ఉద్యమంలోకి వచ్చేశారు. 1933లో రైతు ఉద్యమం నడిపారు. సొంత ఊరు నిడుబ్రోలులోనే రైతాంగ విద్యాలయం పెట్టి, ఊరూరి యువకులను పిలిచి, పన్ను గురించీ వడ్డీ గురించీ పాఠాలు చెప్పించారు.

అవి ప్రపంచమంతా ధరలు కూలిపోయిన రోజులు. పంట అమ్మితే శిస్తుకు చాలేది కాదు. అప్పు మీద అప్పు పెరిగింది. ఆ ఒత్తిడి లోంచే 1938లో రాజాజీ ప్రభుత్వం మద్రాసు వ్యవసాయదారుల రుణ విమోచన చట్టం తెచ్చింది. పాత అప్పుల మీద పేరుకున్న వడ్డీని కొట్టేశారు. అసలుకు రెండింతలు ఇప్పటికే చెల్లించి ఉంటే అప్పు తీరినట్టేనన్నారు. ఆ చట్టం వెనక రైతు ఉద్యమాల బలం ఉంది, ఆ ఉద్యమాల ముందు వరసలో రంగాగారు ఉన్నారు.

ఆనాటి సంస్కర్తలు రైతు అప్పును రెండు రకాలుగా చూసేవారు. ఎద్దుల కోసం, బావి కోసం చేసిన అప్పు తిరిగి ఆదాయం ఇస్తుంది. పెళ్లి కోసం, కోర్టు వ్యాజ్యం కోసం చేసిన అప్పు ఇవ్వదు. ఇప్పుడు మన పల్లెల్లో పెద్ద అప్పు దేనికి అని అడిగితే, పంట తర్వాత పిల్లల చదువుకే అంటారు. చదువు అప్పు ఏ రకం? మంచి అప్పేనని మనమంతా అడగకుండానే ఒప్పేసుకున్నాం. ఈ రోజు దాన్ని అడిగి చూద్దామనే నా ప్రయత్నం.

1.

ముందుగా నెలల లెక్క చూడండి.

జూన్, జూలై వానలకు ప్రత్తిపాడు, క్రోసూరు, పర్చూరు వైపు పత్తి గింజ పడుతుంది. ఆ వెనకే మిరప నారు పోస్తారు, ఆగస్టు, సెప్టెంబరులో మొక్క నాటుతారు. విత్తనం, ఎరువు, పురుగుమందు, కౌలు, కూలి అన్నీ ఈ నెలల్లోనే. తిరిగి చేతికొచ్చేది ఎప్పుడు? పత్తి తీతలు దసరా దాటాక. మిరప కోతలు సంక్రాంతి రోజులనుంచి. కల్లంలో ఎండి, తాలుకాయ ఏరి, టిక్కీలనే బస్తాలకెత్తి, గుంటూరు యార్డులో కాటా పడి డబ్బు వచ్చేసరికి ఫిబ్రవరి, మార్చి, ఏప్రిల్. ధర లేకపోతే టిక్కీలు కోల్డ్ స్టోరేజీకి పోతాయి, డబ్బు మరికొన్ని నెలలు వెనక్కి పోతుంది.

మరి కాలేజీ ఫీజు? ఇంటర్మీడియట్‌కి జూన్‌లో. ఇంజనీరింగ్‌కి కౌన్సెలింగ్ అయ్యే జూలై, ఆగస్టుల్లో. హాస్టల్‌కి, బస్సుకి అప్పుడే. అంటే రైతు ఇంట్లో రూపాయి లేని నెలల్లో, ఉన్న పరపతి అంతా పంట పెట్టుబడికి వాడేసుకుంటున్న నెలల్లో, ఫీజు గడువు వచ్చి పడుతుంది. రైతు ఎక్కడికి పోతాడు? పెట్టుబడి ఇచ్చిన కమీషన్ వ్యాపారి దగ్గరికే, ఊళ్లో వడ్డీకిచ్చే ఆసామి దగ్గరికే. నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీ మామూలు. ఏడాదికి 24 శాతం. పురుగుమందుకీ, పిల్లవాడి మొదటి సంవత్సరం ఫీజుకీ ఒకే చేత్తో నోటు రాస్తాడు. పంట మునిగితే చదువు అప్పు కూడా దాంతోపాటే మునుగుతుందన్న సంగతి ఆ నోటు రాసేటప్పుడు గుర్తుకు రాదు.

ఇక్కడ లెక్కల మాస్టార్లు ఉన్నారు, తప్పుంటే సరిదిద్దండి. మొదటి ఏడాది ఫీజుకు రెండు రూపాయల వడ్డీకి 2,50,000 తెచ్చాడనుకుందాం. ప్రామిసరీ నోటుకు మూడేళ్లకు కాలదోషం పడుతుంది కాబట్టి మూడేళ్లలోపు తిరగరాస్తారు. తిరగరాసేటప్పుడు వడ్డీ అసల్లో కలుస్తుంది. మూడేళ్లకు వడ్డీ 1,80,000. కొత్త నోటు 4,30,000. ఇంకో మూడేళ్లకు 7,39,600. పిల్లవాడు చదువు ముగించి, ఉద్యోగంలో చేరి, కుదురుకునే వేళకు ఒక్క మొదటి సంవత్సరం ఫీజే దాదాపు మూడింతలైంది. మిగతా మూడు సంవత్సరాల నోట్లు ఇంకా వెనక ఉన్నాయి.

అదే ఫీజును పంటలో కొలవండి. 2022-23లో మిరప క్వింటాలు 20,000 దాటి పలికింది. ఆ ధరకు రెండున్నర లక్షలంటే పన్నెండున్నర క్వింటాళ్లు. 2025 ఫిబ్రవరికి ధర పడిపోయి, మార్కెట్ జోక్యం పథకం కింద కేంద్రం క్వింటాలుకు 11,781 రూపాయలు ఖరారు చేయాల్సి వచ్చింది. ఆ ధరకు అదే ఫీజు 21 క్వింటాళ్లు. ఎకరం మిరప మొత్తం, పెట్టుబడి పక్కన పెట్టి, పిల్లవాడి ఒక ఏడాది ఫీజుకు పోతుంది. పత్తిలో చూస్తే, 2025-26కి పొడవు పింజ మద్దతు ధర 8,110. ఆ లెక్కన 31 క్వింటాళ్లు, అంటే మూడెకరాల పైచిలుకు తీత. ఫీజు ఏ ఏడాదీ తగ్గదు. మిరప మాత్రం 2021-22లో నల్ల తామర పురుగుకు పూత పూతంతా రాలిపోయింది. 1987లో తెల్లదోమ గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తినీ, ఎన్నో కుటుంబాలనూ ఏం చేసిందో ఈ సభలో తలనెరిసిన వారందరికీ తెలుసు. ఇంత ఎగుడుదిగుడుగా ఉండే ఆదాయం మీద ఏటా కదలకుండా వచ్చే ఖర్చును నిలబెడుతున్నాం.

సొంత పొలం ఉన్నవాడి సంగతి ఇది. కౌలు రైతుకు పాస్ పుస్తకం కూడా లేదు, బ్యాంకు గడప దగ్గరే ఆగిపోతాడు. వాడికి రెండు రూపాయల వడ్డీ కూడా దొరకదు, మూడు పడుతుంది.

2.

అయినా ఎందుకు ఇంత తాపత్రయం? తల్లిదండ్రుల అమాయకత్వమని కొట్టిపారేసేవారిని నేను ఒప్పుకోను. దీనికి చరిత్ర ఉంది.

నల్లరేగడి నేలల్లో పత్తి, ఆ తర్వాత మిరప, ఒక తరం రైతులకు చేతినిండా డబ్బు చూపించాయి. అదే తరం ఆ పంటల్ని నమ్ముకుంటే ఏమవుతుందో కూడా చూసింది. పిల్లలు పొలంలో ఉండకూడదని నిశ్చయించుకుంది. అప్పట్లో ఇంజనీరింగ్, మెడిసిన్ సీట్లు వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని. మన పిల్లలు డొనేషన్లు కట్టి కర్ణాటకకు వెళ్లారు. గుల్బర్గా, దావణగెరె, మణిపాల్ పేర్లు మన పల్లెల్లో అలా వినపడ్డాయి. ఇంటి దగ్గరే కాలేజీ ఉంటే బాగుంటుందని ఇక్కడి సొసైటీలు ముందుకొచ్చాయి. 1981లో బాపట్ల ఇంజనీరింగ్ కాలేజీ, 1985లో చౌడవరంలో ఆర్.వి.ఆర్. అండ్ జె.సి. కాలేజీ. ఆ కాలేజీల నుంచి రైతుబిడ్డలు నిజంగా ఇంజనీర్లయ్యారు. ఆ మేలును ఎవరూ తక్కువ చేయకూడదు.

డొనేషన్ల బాధ కూడా మన రాష్ట్రమే ముందు గుర్తించింది. 1983లోనే కాపిటేషన్ ఫీజును నిషేధిస్తూ చట్టం చేసింది. 1992లో ప్రైవేటు వైద్య, దంత కళాశాలల అనుమతుల వ్యవహారంలో హైకోర్టు చేసిన వ్యాఖ్యలకు ఒక ముఖ్యమంత్రి పదవి వదులుకున్నారు. 1993లో ఉన్నికృష్ణన్ కేసులో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. అదీ ఆంధ్రప్రదేశ్ కేసే. చదువుకు ఎంత వసూలు చేయవచ్చన్న ప్రశ్న మీద దేశం మొత్తానికి మన రాష్ట్రం దారి చూపిన రోజులున్నాయి.

2008 ప్రాంతంలో ఫీజు రీయింబర్స్‌మెంట్ వచ్చింది. కూలివారి ఇంట్లో మొదటిసారి ఒక ఇంజనీరు తయారైన దృశ్యం ఈ పథకం వల్లే చూశాం. అదే సమయంలో ఉమ్మడి రాష్ట్రంలో ఇంజనీరింగ్ కాలేజీలు ఏడు వందల దాకా పెరిగాయి. అన్ని కాలేజీలు ఒకే పట్టా ఇస్తున్నప్పుడు, ఏ కాలేజీ అన్న ప్రశ్న ముందుకొచ్చింది. పట్టా అందరికీ దొరకడంతో పేరు అరుదైంది. అరుదైనదానికి ధర పెరిగింది. కృష్ణానదికి ఇటూ అటూ డీమ్డ్ విశ్వవిద్యాలయాలు, ప్రైవేటు విశ్వవిద్యాలయాలు వచ్చాయి. పెద్ద భవనాలు, పెద్ద ఫీజులు. జాతీయ రహదారి పొడుగునా ఫ్లెక్సీల మీద నవ్వుతున్న ముఖాలు, వాటి కింద లక్షల ప్యాకేజీలు. పొలం నుంచి బైకు మీద వచ్చే తండ్రి ప్రతిరోజూ ఆ ఫ్లెక్సీ కింద నుంచే వెళ్తాడు.

3.

పేరు పనిచేస్తుందా? ఈ ప్రశ్న మీద కొంచెం ఎక్కువసేపు నిలవాలి, ఓపిక పట్టండి.

అమెరికాలో స్టేసీ డేల్, ఆలన్ క్రూగర్ అనే ఇద్దరు అర్థశాస్త్రవేత్తలు 2002లో ఒక పరిశోధన ప్రచురించారు. గొప్ప కాలేజీలో చదివినవారు ఎక్కువ సంపాదిస్తారని అందరికీ తెలుసు. అది కాలేజీ గొప్పా, ఆ పిల్లల గొప్పా? దీన్ని తేల్చడానికి వాళ్లు, గొప్ప కాలేజీలో సీటు వచ్చి కూడా మామూలు కాలేజీలో చేరిన పిల్లలను తీసుకుని పోల్చారు. సంపాదనలో దాదాపు తేడా లేదని తేలింది. చురుకైన పిల్ల ఎక్కడ చదివినా చురుకైనదే. కానీ ఆ పరిశోధనలోనే రెండో భాగం ఉంది, అది మనకు ముఖ్యం. పేద కుటుంబాల పిల్లలకు మాత్రం పేరున్న కాలేజీ వల్ల నిజంగా లాభం కలిగింది. డబ్బున్న ఇంటి పిల్లకు పరిచయాలు, సిఫారసులు, దారి చెప్పేవాళ్లు ఇంట్లోనే ఉంటారు. లేని ఇంటి పిల్లకు అవన్నీ కాలేజీ ఇస్తుంది.

కాబట్టి మార్కాపురం పక్క ఊళ్లో పుట్టిన పిల్లకు పేరున్న కాలేజీ అక్కర్లేదని నేను అనను. అందరికన్నా ఆమెకే ఎక్కువ అవసరం. కానీ ఆ పేరు కోసం చేసే అప్పుకు అందరికన్నా ముందు నలిగిపోయేది కూడా ఆమె ఇల్లే. పేరు వల్ల లాభపడే ఇల్లూ, అప్పుకు తట్టుకోలేని ఇల్లూ ఒకటే కావడంలో ఉంది ఈ సమస్య బరువంతా.

ఇప్పుడు ఒకే క్లాసులో, ఒకే బెంచీ మీద కూర్చున్న ఇద్దరిని చూడండి. ఒకరు ర్యాంకుతో కన్వీనర్ కోటాలో వచ్చారు. ఇంకొకరు మేనేజ్‌మెంట్ కోటాలో, రెండింతలో మూడింతలో కట్టి వచ్చారు. పాఠం ఒకటే. పట్టా ఒకటే. క్యాంపస్‌కు వచ్చే కంపెనీ ఏ కోటాలో చేరావని అడగదు, ఇచ్చే జీతం ఒకటే. అంటే పేరు వల్ల వచ్చే లాభం ఇద్దరికీ సమానం, దానికి పెట్టిన ఖర్చు మాత్రం సమానం కాదు. చాలాసార్లు ఆ అదనపు డబ్బు కట్టించేది కంప్యూటర్ సైన్సు అనే బ్రాంచి మీద మోజు. వైద్యవిద్యలో ఈ దూరం ఇంకా దారుణం. ప్రైవేటు కాలేజీలో కన్వీనర్ సీటు ఫీజు ఏడాదికి 20,000 కూడా ఉండదు. అదే కాలేజీలో బి కేటగిరీ సీటుకు ఏడాదికి 12 లక్షల పైమాటే.

బ్యాంకు అప్పు తీసుకుంటే ఎలా ఉంటుందో కూడా చూద్దాం, ఎందుకంటే అది వడ్డీ వ్యాపారి అప్పుకన్నా ఎంతో నయం. ఏటా రెండున్నర లక్షల చొప్పున నాలుగేళ్లకు 10 లక్షలు. వడ్డీ 10 శాతం. చదువు అయ్యేదాకా, ఆ తర్వాత ఒక ఏడాదిదాకా వాయిదాలు కట్టనక్కర్లేదు, బారువడ్డీ నడుస్తుంది. ఆ గడువు ముగిసేసరికి వడ్డీ మూడున్నర లక్షలవుతుంది. మొత్తం 13.5 లక్షలు. పదేళ్లలో తీర్చాలంటే నెలకు దాదాపు 17,800 రూపాయలు. పెద్ద ఐటీ కంపెనీలు వందల మందిని ఒకేసారి తీసుకునేటప్పుడు ఇచ్చే మొదటి జీతం చాలా ఏళ్లుగా ఏడాదికి మూడున్నర, నాలుగు లక్షల దగ్గరే తిరుగుతోంది. చేతికొచ్చేది నెలకు పాతిక, ముప్ఫై వేలు. హైదరాబాదులోనో బెంగళూరులోనో గది అద్దె, తిండి పోను, 17,800 ఎక్కడినుంచి వస్తుంది? మళ్లీ తండ్రి కల్లంలోని మిరపకాయ నుంచే.

ఫ్లెక్సీ మీది అంకె సంగతికి వస్తాను. 44 లక్షల ప్యాకేజీ అబద్ధమని నేను అనడం లేదు. ఎవరికో ఒకరికి వచ్చే ఉంటుంది. మీరు అడగాల్సింది వేరే అంకె. ఆ కాలేజీ పిల్లలందరినీ జీతాల వరసలో నిలబెడితే సరిగ్గా నడిమధ్య నిలబడిన పిల్లవాడి జీతం ఎంత? దాన్ని మధ్యస్థ జీతం అంటారు. కేంద్ర ప్రభుత్వం 2016 నుంచి ఏటా ఎన్.ఐ.ఆర్.ఎఫ్. ర్యాంకులు ప్రకటిస్తోంది. ర్యాంకుల కోసం కాలేజీలు సమర్పించే పత్రాల్లో ఎంతమంది చేరారు, ఎంతమందికి ఉద్యోగం వచ్చింది, వారి మధ్యస్థ జీతం ఎంత అన్న వివరాలు ఉంటాయి. ఆ పత్రాలు అందరికీ అందుబాటులో ఉన్నాయి. సెల్‌ఫోన్ ఉన్న ఏ పిల్లయినా పది నిమిషాల్లో తీసి నాన్నకు చదివి చెప్పగలదు. అందులోనూ చూడవలసిన చోటు ఒకటుంది. మధ్యస్థ జీతం ఉద్యోగం వచ్చినవారిదే, రానివారు ఆ వరసలో లేరు. కాబట్టి ఎంతమందికి వచ్చింది అన్న అంకెను పక్కన పెట్టుకునే చదవాలి.

4.

చెప్పడానికి ఇబ్బందిగా ఉన్నా, కట్నం మాట ఎత్తకుండా మన ప్రాంతంలో ఈ లెక్క పూర్తికాదు.

కొడుకు చదువుకు చేసిన అప్పు కొడుకు పెళ్లితో తీరుతుందన్న నమ్మకం చాలా ఇళ్లలో ఉంది. కాలేజీ పేరు, కంపెనీ పేరు, అమెరికా వీసా, వీటిని బట్టి సంబంధాల స్థాయి మారుతుంది. 1961 నుంచి వరకట్న నిషేధ చట్టం ఉంది, అయినా ఈ లెక్క నడుస్తూనే ఉంది. దీని ఫలితం ఏమిటో చూడండి. ఒక ఇంటి కొడుకు ఫీజు ఇంకో ఇంటి కూతురి తండ్రి నెత్తిన పడుతుంది. ఆ తండ్రి దానికోసం అర ఎకరం అమ్ముతాడు, లేదా కూతురి చదువు దగ్గర తగ్గించుకుంటాడు. అబ్బాయిని పేరున్న కాలేజీ హాస్టల్లో చేర్చి, అమ్మాయిని బస్సు వచ్చే దగ్గరి కాలేజీలో చేర్చిన ఇళ్లు ఈ సభలోనే ఉంటాయి. అమ్మాయికి ర్యాంకు మెరుగ్గా వచ్చినా సరే. ఇది అన్యాయం. పేరు ఎవరికి ఎక్కువ ఉపయోగపడుతుందన్న ప్రశ్నకు ఇక్కడ మనం తలకిందుల జవాబు ఇస్తున్నాం.

5.

అమెరికా చదువు గురించి క్లుప్తంగా చెబుతాను, ఎందుకంటే దాని మీద వేరే ఉపన్యాసమే కావాలి.

2011 జనవరిలో కాలిఫోర్నియాలో ట్రైవ్యాలీ విశ్వవిద్యాలయం వీసా మోసం కేసులో మూతపడింది. అందులో చేరిన వందలాది పిల్లల్లో ఎక్కువమంది మనవాళ్లే. కొందరి కాళ్లకు రేడియో పరికరాలు తగిలించిన ఫొటోలు ఆనాటి పత్రికల్లో చూశాం. 2019 జనవరిలో డెట్రాయిట్ దగ్గర ఫార్మింగ్‌టన్ విశ్వవిద్యాలయం వ్యవహారం. దాన్ని అమెరికా ప్రభుత్వ అధికారులే వల వేయడానికి నడిపారు. అప్పుడు పట్టుబడ్డ 130 మంది విద్యార్థుల్లోనూ తెలుగు పిల్లలే అధికం. ఆ పిల్లలందరూ మోసగాళ్లని నేను నమ్మను. వెనక్కి రాలేని స్థితిలో అప్పు వాళ్లను ఏదో ఒక దారిలోకి నెట్టింది.

ఇప్పుడు ఎం.ఎస్. కోసం 40 లక్షలు అప్పు చేయడం మామూలైంది. 11 శాతం వడ్డీతో పదేళ్లకు నెలకు 55,000 చొప్పున కట్టాలి. అక్కడ ఉద్యోగం దొరికితే సులువుగా తీరుతుంది. దొరక్కపోతే ఇక్కడి జీతంతో తీరదు. ఆ రెండింటి మధ్య ఉన్నది వీసా, అది పిల్లవాడి తెలివి మీద ఆధారపడదు. 2025 సెప్టెంబరులో అక్కడి ప్రభుత్వం కొత్త హెచ్-1బి దరఖాస్తుకు లక్ష డాలర్ల రుసుము ప్రకటించింది. ఒక్క రాత్రిలో ఎన్ని పల్లెల్లో ఎన్ని ఇళ్లలో నిద్ర కరువైందో ఊహించుకోండి. ఇంటి స్థలం తనఖా పెట్టి ఆ అప్పు చేసేముందు, వీసా రాకపోతే ఈ వాయిదా ఎవరు కడతారన్న ప్రశ్నకు కాగితం మీద జవాబు రాసుకోవాలి.

6.

ఇక నేను చెప్పదలుచుకున్న అసలు మాట. చదువు అప్పుకు హద్దు తండ్రి పొలం ఎంత అన్నదాన్ని బట్టి వేయకూడదు. చేరబోయే కాలేజీలో నడిమధ్య పిల్లవాడికి వచ్చే మొదటి ఏడాది జీతాన్ని బట్టి వేయాలి. నాలుగేళ్ల అప్పు మొత్తం ఆ ఒక్క ఏడాది జీతాన్ని దాటకూడదు. జీతం 4 లక్షలైతే అప్పు 4 లక్షలు. ముందు చూసిన బ్యాంకు లెక్కనే, గడువు కాలపు వడ్డీ కలిపి, పదేళ్ల వాయిదా నెలకు దాదాపు 7,100. కొత్త ఉద్యోగి దీన్ని కట్టగలడు, ఉద్యోగం పోయి ఆరునెలలు ఖాళీగా ఉన్నా ఇల్లు కూలదు. పొలం ఉంది కదా అని పది లక్షలు ఇచ్చేవాడు పిల్లవాడి చదువును నమ్మి ఇవ్వడం లేదు, ఆ నేలను చూసుకుని ఇస్తున్నాడు.

ఈ హద్దు పెడితే పేరున్న చదువు మనకు దక్కదని కొందరు అంటారు. దక్కుతుంది, దారులున్నాయి. ఐఐటీల్లో బీటెక్ ట్యూషన్ ఫీజు ఏడాదికి 2 లక్షలు. ఎస్సీ, ఎస్టీ, వికలాంగ విద్యార్థులకు అది పూర్తిగా మాఫీ. కుటుంబ ఆదాయం ఏడాదికి లక్ష లోపు ఉంటే పూర్తి మాఫీ, 5 లక్షల లోపు ఉంటే మూడింట రెండు వంతులు మాఫీ. ఎన్ఐటీల్లోనూ ఇలాగే ఉంది. తిరుపతిలో ఐఐటీ, తాడేపల్లిగూడెంలో ఎన్ఐటీ 2015 నుంచి నడుస్తున్నాయి. ఫీజు భయంతో వాటి ప్రవేశ పరీక్ష రాయని పిల్లలున్నారు. పల్లె పిల్లల కోసమే 2008లో రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయం పుట్టింది, పదో తరగతి మార్కులతో ఆరేళ్ల చదువు. ఒంగోలు పేరున దాని ప్రాంగణం ఒకటి 2016లో వచ్చింది. వ్యవసాయం మీద మనసున్న పిల్లలకు బాపట్ల వ్యవసాయ కళాశాల 1945 నుంచీ ఉంది. అది ఇప్పుడు రంగాగారి పేరున్న విశ్వవిద్యాలయంలో భాగం. లాం పరిశోధన కేంద్రంలో పుట్టిన ఎల్‌సీఏ 334 మిరప ఎన్ని లక్షల ఎకరాల్లో పండిందో మీ అందరికీ తెలుసు. అలాంటి వంగడాన్ని తయారుచేయడం నేర్పే చదువు పేరు లేని చదువు ఎలా అవుతుంది?

ప్రభుత్వాన్ని ఒకటి అడుగుతాను. ఫీజు రీయింబర్స్‌మెంట్ డబ్బు 2020 తర్వాత కొన్నేళ్లు తల్లుల ఖాతాల్లో వేశారు, ఇప్పుడు నేరుగా కాలేజీలకు ఇస్తున్నారు. ఏ దారిన ఇచ్చినా ఆలస్యమైతే ఆ ఖాళీని పూడ్చేది రెండు రూపాయల వడ్డీయే. కాలేజీ సర్టిఫికెట్లు ఆపుతుంది, తండ్రి నోటు రాస్తాడు, పిల్లవాడు సర్టిఫికెట్లు తెచ్చుకుంటాడు, ప్రభుత్వ డబ్బు ఏడాది తర్వాత వస్తుంది. వడ్డీ మాత్రం తిరిగి రాదు. ఫీజు గడువును పంట గడువుతో కలపడం కూడా ప్రభుత్వం చేయగల పనే. రైతుబిడ్డల ఫీజును రెండు వాయిదాలుగా, డిసెంబరులో ఒకటి, ఏప్రిల్‌లో ఒకటి తీసుకోవాలని ఫీజుల నియంత్రణ సంస్థ ఒక ఉత్తర్వు ఇస్తే చాలు, ఖజానా నుంచి రూపాయి ఖర్చు కాదు.

తిరిగి చెల్లించే పద్ధతి కూడా మారవచ్చు. ఆస్ట్రేలియాలో 1989 నుంచి చదువు అప్పును జీతాన్ని బట్టే వసూలు చేస్తున్నారు. జీతం ఒక గీత దాటేదాకా వాయిదా లేదు, దాటితే జీతంలో ఒక వంతు. ఉద్యోగం పోతే వసూలు ఆగుతుంది. తండ్రి హామీ అక్కర్లేదు. జీతాన్ని బట్టి వసూలు చేసే ఈ పద్ధతి మన దగ్గర ఇంకా రాలేదు. అమెరికాలో అలాంటి రక్షణ చాలకనే లక్షల కుటుంబాలు చదువు అప్పుల్లో కూరుకుపోయాయి.

చివరిగా, ఈ సభకు వచ్చిన బ్యాంకు మేనేజర్లకు నా విన్నపం. ఏడున్నర లక్షల దాకా చదువు రుణాలకు తనఖా అక్కర్లేకుండా కేంద్రం హామీ పథకం ఉంది. 2024లో వచ్చిన పీఎం విద్యాలక్ష్మి పథకంలో ఎంపికైన విద్యాసంస్థల్లో చేరిన పిల్లలకు తనఖా లేకుండా రుణం ఇవ్వాలి. కుటుంబ ఆదాయం 8 లక్షల లోపు ఉంటే 10 లక్షల రుణం దాకా మూడు శాతం వడ్డీ రాయితీ ఉంది. మేనేజ్‌మెంట్ కోటాలో చేరినవారికి ఆ రాయితీ లేదన్న సంగతి తల్లిదండ్రులకు మీరే ముందుగా చెప్పండి. సీటుకు డబ్బు కట్టేశాక తెలిస్తే ఉపయోగం లేదు. కౌలు రైతు కూతురు ర్యాంకు కార్డు పట్టుకుని మీ ముందుకు వచ్చినప్పుడు పాస్ పుస్తకం అడగకండి. ఆమె చేరబోయే కాలేజీ మధ్యస్థ జీతం చూసి, దానికి తగినంత రుణం రాసి, జూలై దాటకముందే ఇవ్వండి. ఆగస్టులో ఇస్తే ఆ పాటికి ఆమె తండ్రి మిరప నారు కోసం రాసిన నోటుతో పాటు ఇంకో నోటు కూడా రాసేసి ఉంటాడు.